మనవాడే అనుకునే ముందు ఆ రాయి చదవాలి

పోయిన వారం మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మా బావ ఒక ఫొటో పెట్టాడు. పొడవాటి బండరాయి, దాని నిండా గుండ్రటి సింహళ అక్షరాలు. కింద "శ్రీకాకుళం బిడ్డ శ్రీలంకను ఏలాడు! ఇది మన చరిత్ర, పదిమందికీ పంపండి" అని రాసుంది. సాయంత్రానికల్లా గ్రూపంతా దండాలతో నిండిపోయింది. ఆ రాయి నేను చూశాను. రెండేళ్ళ కిందట అమ్మానాన్నలతో శ్రీలంక వెళ్ళినప్పుడు అక్కడి పాత రాజధాని పొలన్నరువలో దాని పక్కన గంటసేపు నిలబడ్డాం. అందుకే ఊరుకోలేక "బావా, దాని మీద ఏం రాసుందో తెలిస్తే నువ్విలా పెట్టవు" అని ఒక ముక్క పెట్టాను. మూడు రోజులైనా ఆ వాదన తెగలేదు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే పోట్లాటలాగే ఉంటుంది, అందుకని తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

ఆ రాయి పేరు గల్పొత. సింహళంలో గల్ అంటే రాయి, పొత అంటే పుస్తకం. మన పాత తెలుగులో పుస్తకాన్ని పొత్తం అనేవాళ్ళు కదా, రెండూ ఒకే ప్రాకృత మాట నుంచి వచ్చినవే. తాటాకు పుస్తకంలో ఒక ఆకు ఎలా ఉంటుందో అలాగే చెక్కారు దాన్ని, కాకపోతే ఆ ఆకు పొడవు 8 మీటర్లు దాటుతుంది, వెడల్పు నాలుగున్నర అడుగులు, బరువు 25 టన్నులంటారు. రాయించిన రాజు నిశ్శంక మల్లుడు. 1187 నుంచి 1196 దాకా తొమ్మిదేళ్ళు ఏలాడు. తాను కళింగంలోని సింహపురంలో పుట్టానని, తండ్రి జయగోప మహారాజని, తల్లి పార్వతీ మహాదేవి అని తనే చెప్పుకున్నాడు. బావ పెట్టిన "శ్రీకాకుళం బిడ్డ" అన్న మాటకు మూలం అదే.

చెప్పులు విప్పిన చోట

పొలన్నరువలో దళదా మళువ అంటే పాత బౌద్ధ గుళ్ళన్నీ ఒకేచోట గుంపుగా ఉన్న ఎత్తైన ఆవరణ. చెప్పులూ టోపీలూ తీసేసి పైకెక్కాలి. మేం వెళ్ళింది మధ్యాహ్నం, బండలు పెనంలా కాలిపోతున్నాయి, అమ్మ రెండడుగులు వేసి చెట్టు నీడకి వెళ్ళిపోయింది. నాన్న మాత్రం పొలం గట్ల మీద నడిచిన కాళ్ళు కాబట్టి తిన్నగా రాయి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. రాయి అంచుల చుట్టూ హంసల వరుస చెక్కి ఉంది. ఒక కొస వైపు వంగి చూసి "లచ్మీదేవేరా!" అన్నాడు గట్టిగా. నిజమే, రెండు ఏనుగులు పైనుంచి నీళ్ళు పోస్తుంటే మధ్యలో కూర్చున్న గజలక్ష్మి. మా ఇంటి గుమ్మం మీద ఉన్న బొమ్మే. బౌద్ధుల గుడిలో రాజుగారి రాతి మీద మా ఇంటి లక్ష్మి కనిపించేసరికి నాన్న ముఖం వెలిగిపోయింది. ఆ క్షణంలో నాకూ "మనవాడే" అనిపించిన మాట దాచుకోను. బావ మీద కోపం లేకపోవడానికి అదొక కారణం, ఆ సంతోషం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆ రాయి ఎందుకు అక్కడే ఉందో చెప్పాలి. దాని పక్కనే హటదాగె ఉంది, బుద్ధుడి దంతధాతువు కోసం నిశ్శంక మల్లుడు కట్టించిన గుడి. లంకలో ఆ రోజుల్లో దంతం ఎవరి దగ్గరుంటే రాజ్యం వాళ్ళది. సుగలా దేవి అనే రాణి దంతాన్ని పట్టుకుని దక్షిణాన రుహుణకు పోతే నిశ్శంక మల్లుడికి కాస్త ముందు ఏలిన మొదటి పరాక్రమబాహు దాని కోసం పెద్ద యుద్ధమే చేసి వెనక్కి తెచ్చుకున్నాడు. అంతకు ముందు మొదటి విజయబాహు కట్టించిన దంత మందిరం అటదాగె కూడా పక్కనే ఉంది, ఆ గుడికి కాపలా ఉంటామని వేలైక్కార సైనికులు వేయించిన తమిళ శాసనం ఇప్పటికీ ఉంది. అంటే ఆ ఆవరణ ఉత్త పూజాస్థలం కాదు, గద్దెకు హక్కుపత్రం భద్రపరిచిన చోటు. గల్పొతను ఏ కోటగుమ్మంలోనో పెట్టకుండా ఇక్కడే ఎందుకు పెట్టారో అది తెలిస్తే అర్థమవుతుంది.

గుడిలో పేరు రాయించుకోవడాన్ని నేను తప్పు పట్టడం లేదు. మా ఊరి రామాలయం మెట్టు మీద మా తాత పేరుంది, నూటపదహార్లు ఇచ్చినందుకు. చిన్నప్పుడు నేను దాన్ని తొక్కకుండా దాటబోతే మా నానమ్మ కోప్పడేది, "తొక్కరా, భక్తుల కాలిధూళి పడాలనే కదా ఆయన మెట్టు మీద రాయించుకున్నాడు" అని. పేరు మీద ఆశ, దేవుడి మీద భక్తి విడివిడిగా ఉండవు, ఒకే మనిషిలో రెండూ ఉంటాయి. కానీ తాత మెట్టు మీద ఉన్నది పేరొక్కటే. ఇక్కడున్నవి 72 వరుసలు, 4,300కు పైగా అక్షరాలు. అంత రాయాల్సిన అవసరం ఏం వచ్చింది?

సింగుపురమేనా?

ముందు "మనవాడు" సంగతి. శ్రీకాకుళానికి దగ్గర్లో ఉన్న సింగుపురమే పాత సింహపురమని చాలామంది చరిత్రకారులు ఒప్పుకున్నారు. ఉత్తుత్తి మాట కాదది. నరసన్నపేట దగ్గర కోమర్తిలో దొరికిన చండవర్మ రాగిశాసనం విజయ సింహపురం నుంచే జారీ అయింది, ఉమావర్మ శాసనం కూడా అంతే. కాబట్టి కళింగ రాజులకు సింహపురం అనే రాజధాని ఉండేది, అది మన వైపే ఉండేది అన్నంత వరకూ నాకు అభ్యంతరం లేదు.

చిక్కేమిటంటే ఆ రాగిశాసనాలకీ నిశ్శంక మల్లుడికీ మధ్య 700 ఏళ్ళ దూరం ఉంది. ఆయన కాలానికి ఇక్కడ తూర్పు గంగులది రాజ్యం, వాళ్ళ పాత రాజధాని కళింగనగరం ఇప్పటి ముఖలింగం. వాళ్ళ నీడలో సింహపురంలో ఒక "మహారాజు" ఉన్నాడంటే ఏ చిన్న సామంతుడో అయ్యుండాలి. శ్రీలంక పండితుడు పరణవితాన అయితే ఆ కళింగం మన కళింగమే కాదు, మలయా వైపుది అని వాదించాడు, ఆ వాదన మిగతావాళ్ళకు ఎక్కలేదు. నాకూ ఎక్కలేదు, ఎందుకంటే నిశ్శంక మల్లుడి రాణుల్లో ఒకామె పేరు గంగవంశ కల్యాణ మహాదేవి. ఆ గంగవంశం మన ముఖలింగం గంగులదే అనుకోవడం సహజంగా ఉంటుంది.

దంతం కథ కూడా ఇటే వస్తుంది. కళింగంలోని దంతపురం నుంచి హేమమాల, దంతకుమారుడు అనే భార్యాభర్తలు నాలుగో శతాబ్దంలో దంతాన్ని లంకకు తీసుకెళ్ళారన్నది బౌద్ధుల కథనం, హేమమాల దాన్ని జడలో దాచుకుందంటారు. ఆ దంతపురం సరుబుజ్జిలి దగ్గరి దంతవరపుకోట అని మనవాళ్ళంటారు, ఒడిశాలోని పాలూరు అని అటువైపు వాళ్ళంటారు. సరే, మనదే అనుకుందాం. దంతమూ మనదే, రాజూ మనవాడే. అయితే ఆ రాజు ఏం చెప్పాడో వినాలి కదా, అక్కడికే వస్తున్నా.

రాతి మీది మాటలు

నేను ఇంగ్లీషు అనువాదం ఫోన్లో దింపుకుని వెళ్ళాను. గల్పొతదీ, అదే రాజు పొలన్నరువలో వేయించిన మిగతా శాసనాలదీ. నాన్న "సదువు" అన్నాడు. ఎండలో ఫోను తెర సరిగా కనిపించక చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాను.

పరాక్రమబాహు కాలంలో పన్నుల బరువుకు జనం చితికిపోయారు, నేను వచ్చి అయిదేళ్ళు పన్నులు మాఫీ చేశాను అన్నాడు. పొలాన్ని బట్టి, మంచి భూమికి ఇంత, మధ్యరకానికి ఇంత, నాసి భూమికి ఇంత అని శిస్తు ఖాయం చేశాడు. అడవి నరికి చేసుకునే పోడు మీద పన్ను శాశ్వతంగా ఎత్తేశాడు. దొంగలు ఎందుకు దొంగతనం చేస్తున్నారో కనుక్కుని వాళ్ళకు కావలసింది ఇచ్చి మాన్పించాడు. ఏటా తనూ రాణులూ పిల్లలూ తులాభారం తూగి ఆ బరువుకు సరిపడా దానాలు చేశారు.

పోడు మాట రాగానే నాన్న నన్ను ఆపాడు. మా ఊరి పైన కొండల మీద సవర్లు పోడు చేస్తారు, వాళ్ళతో నాన్నకు చిన్నప్పటి నుంచీ చింతపండు, కంది వ్యాపారం ఉంది, వాళ్ళ దగ్గర ఎవరెవరు ఏమేం పిండుకున్నారో కళ్ళారా చూసినవాడు. "పోడుకి పన్ను ఎత్తేసినాడా? ఎన్నాళ్ళకి?" అని రెండుసార్లు అడిగాడు. శాశ్వతంగా అన్నాను. "మరింక నీకేటి బాధ? సిస్తు మాఫీ చేసినోడు మంచోడే" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ పూర్తిగా లేదు. పన్ను తగ్గించానని రాజు డబ్బా కొట్టుకున్నా సరే, తగ్గినది తగ్గినట్టే కదా ఆ పోడు రైతుకు. ముందున్నవాడు ఖజానా కోసం జనాన్ని పిండాడు అని కొత్తవాడు చెప్పడం ఎప్పుడూ ఉండేదే అని కొట్టిపారేయవచ్చు, కానీ పరాక్రమ సముద్రం లాంటి చెరువు తవ్వించడానికి, బర్మా మీదికి, పాండ్య దేశం మీదికి సైన్యాలు పంపడానికి ఎవరో ఒకరు కట్టి ఉండాలి. కట్టింది ఆ రైతులే. ఇక్కడ నిశ్శంక మల్లుడి మాటే నమ్మాలనిపిస్తుంది.

తర్వాత రెండో రకం మాటలు చదివాను. లంకాద్వీపం కళింగ వంశానిది. బౌద్ధులు కాని చోళ, కేరళ రాజకుమారులను ఇక్కడ గద్దె ఎక్కించకూడదు. ఇక గొవి కులం వాళ్ళు, అంటే వ్యవసాయం చేసుకునేవాళ్ళు, రాజరికానికి ఆశపడనే కూడదు. కాకి హంసకు సాటి కాదు, గాడిద మేలుజాతి గుర్రానికి సాటి కాదు, వానపాము నాగుపాముకు సాటి కాదు, మిణుగురు సూర్యుడికి సాటి కాదు, నక్క సింహానికి సాటి కాదు, అలాగే రైతు రాజు కాకూడదు.

చదువుతుంటేనే నా గొంతు తగ్గిపోయింది. పక్కనున్నది మా నాన్న. అరవై ఏళ్ళు నాగలి పట్టినవాడు. మా చుట్టాల గ్రూపులో ఉన్న ముప్పై నలభై మందిలో ముప్పావు మంది రైతుల పిల్లలే, బావతో సహా. "శ్రీకాకుళం బిడ్డ" అని మేమంతా దండాలు పెట్టినవాడు మమ్మల్ని కాకులనీ గాడిదలనీ గుడి ఆవరణలో రాతి మీద చెక్కించి పెట్టాడు. నా వాదనంతా ఇక్కడి నుంచే పుట్టింది. నన్ను ఎక్కువ కలవరపెట్టినది ఇంకొకటి ఉంది. తన శాసనాల్లోనే ఈ రాజు లంకకు మొదటి రాజని చెప్పే విజయుడు యక్షులను తుడిచిపెట్టి లంకను సిద్ధం చేసిన తీరును మోళ్ళు పెకలించి చదును చేసిన పొలంతో పోలుస్తాడు. రాజ్యస్థాపన చెప్పడానికి రైతు పని కావలసి వచ్చింది, ఆ రైతు మాత్రం గద్దె వైపు చూడకూడదు!

నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. హంసల వరుస మీద వేలితో తడమబోయి, ముట్టుకోకూడదేమోనని వెనక్కి తీసుకున్నాడు. తర్వాత అన్నాడు: "ఎవులో అడిగుంటార్రా. అడక్కుండా అంత రాయి మీద ఎందుకు రాస్తాడు?"

నేను తిరగేసిన అయిదారు పుస్తకాల కంటే ఆ ఒక్క మాట నాకు గల్పొతను ఎక్కువ అర్థం చేయించింది. ఎవరూ చేయని పనిని ఎవరూ నిషేధించరు. 1186లో పరాక్రమబాహు పోయాడు. తర్వాత వచ్చిన రెండో విజయబాహును ఏడాది తిరక్కుండా మహిందుడు చంపాడు, ఆ మహిందుడు అయిదు రోజులే రాజు, అతన్ని చంపి నిశ్శంక మల్లుడు వచ్చాడు. ఊరికి కొత్తవాడు, భాష వేరు, అండగా నిలబడే సొంత జనం సముద్రానికి అవతల. లంకలో భూమీ బలగమూ ఉన్న గొవి పెద్దలు "ఈ కళింగం వాడెవడు, మనలో ఒకడు ఎందుకు కాకూడదు" అని అనుకోకుండా ఉంటారా? అనుకున్నారు కాబట్టే ఆ కాకి, ఆ గాడిద. ఆ రాతి మీద గట్టిగా వినిపించే గొంతు రాజుది, దాని వెనక ఇంకెవరిదో గొంతు ఉంది, ఆ రెండో గొంతుకు శాసనం లేదు. నిషేధంలో మాత్రమే మిగిలింది. నేను "మనవాడు" అనాలంటే ఆ రెండో గొంతునే అంటాను, సింగుపురంతో వాళ్ళకు ఏ సంబంధమూ లేకపోయినా.

బావ చెప్పినదాంట్లో నిజం

బావ ఒక మంచి ప్రశ్న వేశాడు. "ఆ కాలంలో ఏ రాజు అలా మాట్లాడలేదు? మన శాసనాలు తీసి చూడు, ఒక్కడైనా వినయంగా ఉన్నాడా? ఎనిమిది వందల ఏళ్ళ కిందటి వాణ్ణి ఇప్పటి తూకంతో ఎలా తూస్తావు?" అన్నాడు. ప్రశస్తి అంటేనే పొగడ్త, అది ఒప్పుకుంటాను. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి, ఈ రాజు చేసిన పనులు తక్కువవి కావు. దంబుల్ల గుహల్లో 73 విగ్రహాలకు బంగారు పూత పెట్టించాడు, రంకొత్ వెహెర అనే పెద్ద స్తూపం కట్టించాడు, తామరతూడులా వంపులు తిరిగిన స్తంభాలతో నిశ్శంక లతా మండపం కట్టించి అందులో కూర్చుని పిరిత్ అనే బౌద్ధ మంత్రపఠనం వినేవాడు. ఆ స్తంభాలను చూస్తే రాతిని ఇంత మెత్తగా వంచడం ఎలా సాధ్యమైందో అనిపిస్తుంది. కసి, తొందర ఉన్న మనిషి, అభిరుచి కూడా ఉన్న మనిషి.

అయితే అదే ఆవరణలో వటదాగె ఉంది, గుండ్రటి అందమైన గుడి. అది తన ఆజ్ఞతో తన సేనాని కట్టించాడని నిశ్శంక మల్లుడు శాసనం వేయించాడు. పరాక్రమబాహు దంతం కోసం గుండ్రటి రాతిగుడి కట్టించాడని లంక రాజుల కథ చెప్పే పాత బౌద్ధ గ్రంథం చూళవంశం చెబుతుంది కాబట్టి బెల్, హోకార్ట్ లాంటి పురావస్తు పండితులు అది ముందే ఉన్నదనీ, ఈయన ముందు మండపమో మరమ్మతో చేయించి ఉంటాడనీ అన్నారు. అందుకే ఆయన మాట నమ్మేటప్పుడు కొంచెం ఆగుతాను. శిస్తు విషయంలో నమ్మి, గుడి విషయంలో నమ్మకపోవడం నా ఇష్టం కొద్దీ చేస్తున్న పనా అని నన్ను నేనే అడుగుకున్నాను. కొంత అంతే కావచ్చు. కానీ శిస్తు ఎత్తేశానని అబద్ధం రాస్తే, ఆ ఏడాదే శిస్తు కట్టిన రైతు దాన్ని చూసి నవ్వుతాడు. గుడి ఎవరు కట్టారన్నది ముప్పై ఏళ్ళు గడిస్తే ఎవరికీ గుర్తుండదు.

ఇంత రాసుకున్నవాడికి చూళవంశం ఇచ్చిన చోటు కొన్ని శ్లోకాలు మాత్రమే, పరాక్రమబాహుకు అధ్యాయాలకు అధ్యాయాలు. బహుశా ఆ సంగతి ముందే తెలిసే మిహింతలె నుంచి, ఇప్పటి రోడ్డు మీద వంద కిలోమీటర్లకు అటూ ఇటూ దూరం, ఆ బండను లాగించుకొచ్చాడు. ఆ పని చేసింది తన బలశాలులైన మనుషులేనని కూడా దాని మీదే రాయించాడు.

మరి మాఘుడు?

బావకు నేను చివరగా చెప్పినది ఇది. నిశ్శంక మల్లుడు 1196లో పోయాడు. కొడుకు వీరబాహు ఒక్క రాత్రి రాజు, తెల్లారేసరికి సేనాపతి చేతిలో చచ్చిపోయాడు. తమ్ముడు విక్రమబాహు మూడు నెలలు. మేనల్లుడు చోడగంగుడు తొమ్మిది నెలలు. ఆ తర్వాత పరాక్రమబాహు భార్య లీలావతి, మళ్ళీ సింహపురం నుంచే వచ్చిన సాహసమల్లుడు, ఆ పైన 1202 నుంచి ఆరేళ్ళు మన గంగవంశపు కల్యాణవతి. ఆమె గురించి ఎవరూ ఫార్వర్డ్ పెట్టరు, అది వేరే బాధ.

1215లో మాఘుడు వచ్చాడు. అతనూ కళింగుడే. పొలన్నరువను పట్టుకుని, విహారాలు పగలగొట్టించి, పుస్తకాలు చించించి, జనం ఆస్తులు ఊడ్చుకుని ఇరవై ఏళ్ళు ఏలాడని చూళవంశం చెబుతుంది. భిక్షువులు దంతాన్ని పట్టుకుని కొండల్లోకి పారిపోయి కొత్మలెలో దాచారు. చూళవంశం రాసింది భిక్షువులే కాబట్టి కొంత పెంచి రాసి ఉండొచ్చు, కానీ పొలన్నరువ ఆ దెబ్బ నుంచి మళ్ళీ నిజంగా లేవలేదు. బౌద్ధాన్ని కాపాడేది కళింగ వంశమే, మిగతావాళ్ళను రానివ్వకండి అని రాయించిన రాజు పోయి ఇరవై ఏళ్ళు తిరక్కముందే, ఆ రాయి ఉన్న గుడి ఆవరణను పాడుపెట్టినవాడు కళింగుడు. నిశ్శంక మల్లుడు మనవాడైతే మాఘుడూ మనవాడే. ఒకణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి ఇంకొకణ్ణి వీధిలో నిలబెడతామంటే కుదరదు.

శ్రీలంక వెళ్ళే తెలుగువాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు, ప్యాకేజీ టూరుల్లో కొలంబో, కాండీ, అశోకవనం చూసి వచ్చేస్తున్నారు. వీలైతే పొలన్నరువ కూడా వెళ్ళండి. మేజోళ్ళు వేసుకెళ్ళండి, బండలు కాలుతాయి. సింగుపురం పేరు చెప్పుకుని సంతోషపడండి, నేనూ పడ్డాను. కానీ గైడు రాయి బరువు, పొడవు చెప్పి ముందుకు నడిస్తే అక్కడే ఆగి, ఆ మాటల అనువాదం ఒకసారి పూర్తిగా చదవండి.

నిన్న రాత్రి బావ ఫోన్ చేశాడు. "అయితే ఆ పోస్టు తీసేయమంటావా?" అన్నాడు. వద్దన్నాను, ఫొటో ఉంచి, కింద ఆ కాకి-హంస ముక్క తెలుగులో పెట్టమన్నాను. పెట్టాడు కూడా. గ్రూపు చాలాసేపు చప్పుడు లేకుండా ఉంది. పది దాటాక నాన్న దగ్గర నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది: "ఆ పోడు పన్ను సంగతి కూడా పెట్టండర్రా, అదొగ్గేస్తే ఎలాగ?"